రెండో మంచం గడులు

మొగుడి భోజనం ట్రే మీది మూత తీయగానే ఆర్డిత్ కుయిపర్ మొహం చిట్లించింది. ముప్పయ్యొక్క ఏళ్ళు బడి పిల్లలకి వండి వడ్డించిన మనిషి ఆమె. మెదిపిన బంగాళాదుంప మీద పొర కట్టి ఉంది. పక్కన బూడిదరంగు మాంసం ముద్ద, అది ఏ జంతువుదో వండినవాడైనా చెప్పలేడు. బీన్సు ఉడికి ఉడికి నీళ్ళయిపోయి, ఆ నీళ్ళు మాంసం కిందికి, అక్కణ్ణుంచి కేకు ముక్కలోకి పాకాయి. వేలు ఆనించి చూసింది. చల్లగా ఉంది. తన వంటింట్లో ఎవరైనా ఇలాంటి పళ్ళెం పిల్లల ముందు పెట్టి ఉంటే, ఆ పూటే ఏప్రన్ విప్పించి ఇంటికి పంపేది.

"ఇది కుక్కకి పెడితే కుక్క నా మొహం చూస్తుంది," అంది.

తెర అవతల నుంచి నవ్వు వినిపించింది. "కుక్కకి రోషం ఉంటుంది చెల్లెమ్మా. నాకు అదీ లేదు, మొత్తం తినేశాను. మాంసం వాసన కొట్టే కేకు ఈ జన్మలో తినలేదు, ఆ ముచ్చటా తీరింది."

ఆ నవ్వు ఎల్డన్ పికార్డ్‌ది. ఎనభై ఒకటేళ్ళు. లారీ తోలినంత కాలం దేశమంతా తిరిగాడు, ఇప్పుడు కిటికీ పక్క రెండో మంచం దాటడు. షుగరు వచ్చి మోకాళ్ళ కింద స్పర్శ పోయింది. అయినవాళ్ళంటూ అరిజోనాలో ఒక మేనల్లుడు, వాడు క్రిస్మస్‌కి ఫోను చేస్తాడు. రెండు మంచాల మధ్యా నేలదాకా వేలాడే తెర ఒకటి, ఎప్పుడూ మూసే ఉంటుంది. మూసి ఉన్న తెర తీసి పరాయి మగవాడి పడక వైపు చూడటం ఆర్డిత్ పెరిగిన పెంపకంలో లేదు. మాటలు తెర మీదుగానే నడిచేవి. ఇంటి నుంచి తెచ్చిన బఠాణీ సూప్‌లో ఎల్డన్ వాటా కూడా తెర పక్కనుంచి చెయ్యి చాపి అందించేది.

మొదటి మంచం ఆమె భర్త నార్మ్‌ది. ముప్పై నాలుగేళ్ళు వీధి వీధీ నడిచి ఉత్తరాలు పంచిన మనిషి. సరస్సు మీది నుంచి వచ్చే మంచులో నడుము లోతున కూరుకుపోయినా ఒక్క ఇల్లు తప్పించేవాడు కాదు. నెల కిందట పక్షవాతం కొట్టింది. కుడి పక్క పడిపోయింది, మాట ఒక్కొక్క ముక్కగా వస్తోంది. పెద్దాసుపత్రిలో ఉన్నప్పుడే కుడి మడమ మీద చిన్న పుండు లేచింది. అక్కడి డాక్టరు ఆర్డిత్‌ని వరండాలోకి పిలిచి మొహమాటం లేకుండా చెప్పేసింది.

"రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. మడమ పరుపుకి ఆనకూడదు. పుండు ఎముక దాకా వెళ్ళిందంటే మోకాలి కింద తీసెయ్యక తప్పదు. ఈ వయసులో, ఈ స్థితిలో, కాలు తీస్తే మళ్ళీ లేవడు."

ఆ మాట విన్నప్పటి నుంచి ఆర్డిత్‌కి ఇంకో ఆలోచన లేదు. కాలు దక్కాలి, అంతే. నడక నేర్పిస్తారని, పుండు మాన్పిస్తారని ఈ పునరావాస కేంద్రంలో చేర్పించింది. గుమ్మంలోనే అందంగా రాసిన బోర్డు ఉంది, మీ ఇల్లే అనుకోండి అని. ఆమె ఇంట్లో ఎప్పుడూ ఇంత మూత్రం కంపు కొట్టలేదు.

గది తలుపు వెనక ఒక చార్టు అంటించి ఉంటుంది. రెండు నిలువు వరసలు, మంచానికొకటి. రెండు గంటలకో గడి. మనిషిని తిప్పినప్పుడల్లా ఆయా ఆ గడిలో టిక్కు పెట్టి, ఎడమకో కుడికో రాయాలి. ఆ మధ్యాహ్నం పన్నెండున్నరకి, కేకు చెత్తబుట్టలో పారేసి వస్తూ ఆర్డిత్ చార్టు చూసింది. రెండింటి గడిలో టిక్కు. నాలుగింటి గడిలో టిక్కు. ఆరింటికీ పడిపోయింది.

గుడ్డలు మోసుకుపోతున్న ఆయాని ఆపింది. "ఏమ్మా, మీకు జాతకాలు కూడా వచ్చా? జరగబోయేది రాసిపెట్టారు."

"సాయంత్రం తీరిక ఉండదండీ. అందుకని ముందే."

"రాయడం ముందే అయిపోయింది సరే. తిప్పడం?"

"తిప్పుతాంలెండి," అంటూ ఆ పిల్ల వెళ్ళిపోయింది.

ఆర్డిత్ సంచీలో కాగితపు టేపు, నల్ల మార్కరు ఎప్పుడూ ఉంటాయి. బడి వంటింట్లో గిన్నె గిన్నెకీ టేపు అంటించి తేదీ, వేళ రాయడం అలవాటు. ఆరోజు నార్మ్ వీపు కింది దిండు అంచు నుంచి పరుపు మీదికి జానెడు టేపు అంటించి, ఒంటిగంట అని రాసింది. మనిషిని తిప్పితే దిండు కదలాలి, దిండు కదిలితే టేపు ఊడాలి. చూడవచ్చేవాళ్ళకి పగలు పదకొండు నుంచి ఒంటిగంట దాకా, మళ్ళీ ఆరు నుంచి ఏడు దాకా. ఆరింటికి వచ్చి చూస్తే టేపు ఎక్కడిది అక్కడే ఉంది. మర్నాడూ అంతే. మూడోరోజు టేపు చూసి ఊరుకోబుద్ధి కాలేదు, దుప్పటి ఎత్తింది. మడమ పరుపుకి అతుక్కుని ఉంది. దాని చుట్టూ పసుపుపచ్చ మరక, అంచు ఎండిపోయి పెళుసుగా ఉంది. అంటే పొద్దుటి నుంచీ అలాగే పడి ఉన్నాడన్నమాట. ముక్కు మూసుకుని, దుప్పటి కప్పి, మూడో టేపు ముక్క కూడా ఊడదీసి చేత పట్టుకుంది.

హెడ్ నర్సు డెనీస్ వాండర్‌హూఫ్ గదిలో మాత్రం దాల్చినచెక్క కొవ్వొత్తి వెలుగుతోంది. బల్ల మీద గాజు గిన్నె నిండా చాక్లెట్లు. ఆర్డిత్ మూడు టేపు ముక్కలూ ఆ గిన్నె పక్కన పెట్టింది.

డెనీస్ వాటిని చూడనైనా చూడలేదు. కంప్యూటరు తెరచి, "చార్టులో రోజుకి పన్నెండు సార్లు తిప్పినట్టే ఉంది కదండీ," అంది.

"చార్టుని తిప్పారేమో. నా మొగుణ్ణి తిప్పలేదు."

"పడక మీద టేపు అంటించడం మా నియమాలకి విరుద్ధం ఆర్డిత్ గారూ. ఆయన చర్మానికి అంటుకుంటే పుండు పడదూ?"

ఆర్డిత్‌కి ఒళ్ళు మండిపోయింది. "పుండు గురించి నాకు చెబుతున్నావా? పద, దుప్పటి ఎత్తి చూపిస్తాను. చీము ఎండి గుడ్డకి గంజి పెట్టినట్టుంది. ఈ చాక్లెట్లు కూడా పట్టుకురా, అక్కడ నిలబడి తిందువుగాని."

డెనీస్ తలుపు మూసి, గొంతు తగ్గించింది. "ఒక్కో ఆయా చేతికింద ఇరవై ఇద్దరు. నేనేం చెయ్యను? మనుషుల్ని ఇమ్మని పైవాళ్ళకి రాస్తే పోస్టర్లు పంపించారు."

ఆ పోస్టరు ఆమె తల వెనకే ఉంది. చిరునవ్వే మా చికిత్స అని.

"అయితే నేనే తిప్పుకుంటాను," అంది ఆర్డిత్. "పొద్దున ఏడింటికి వచ్చి రాత్రి ఎనిమిది దాకా ఉంటాను. రాత్రి సంగతి మీరు చూడండి. ఆ ఐదు సార్లయినా తిప్పి చావండి."

డెనీస్ మొహం విప్పారింది. అది చూస్తే ఆర్డిత్‌కి ఇంకా అసహ్యం వేసింది. "చూడవచ్చే వేళలు దాటి ఎవర్నీ ఉండనివ్వం. మీకోసం నేను మాట పడతాను. బయట అనకండి మరి," అంది డెనీస్, ఏదో దానం చేస్తున్నట్టు.

తిప్పడం నేర్పింది యెసేనియా. పొట్టి మనిషి, చేతులు మాత్రం ఉక్కు. చిన్నప్పుడు తల్లిదండ్రులతో బ్లూబెర్రీ తోటల్లో బుట్టలు మోసిన చేతులు. ఆ కేంద్రంలో చార్టు తర్వాత నింపి, పని ముందు చేసే ఆయా ఆమె ఒక్కతే.

"లాగకండమ్మా. లాగితే తోలు ఊడొస్తుంది. నడుము కింద అడ్డంగా వేసిన దుప్పటి పట్టుకుని దొర్లించాలి. ఒకటి, రెండు... అదీ. ఇప్పుడు పిక్క కింద దిండు. మడమ కింద అరచెయ్యి దూర్చి చూడండి. దూరిందా?"

"దూరింది."

"అయితే గాల్లో ఉన్నట్టు. నార్మ్ గారూ, మీ ఆవిడ మీకంటే బలంగా ఉంది. ఇన్నాళ్ళూ ఎలా నెగ్గుకొచ్చారండీ?"

"నె... గ్గ... లేదు," అన్నాడు నార్మ్. పక్షవాతం వచ్చాక అతను చేసిన మొదటి వేళాకోళం అది.

ఆ తర్వాత యెసేనియా తెర దాటి అటు వెళ్ళేది. "లే తాతా, బండి ఆగిపోయింది, టైరు మార్చాలి," అనేది. "ఈ లారీకి టైర్లు కాదమ్మా, ఇంజనే పోయింది," అనేవాడు ఎల్డన్. దిండు సర్దిన చప్పుడు వినిపించేది. నార్మ్ ఇటునుంచి ఒంటి చేత్తో మంచం కడ్డీ మీద రెండు సార్లు కొట్టేవాడు. ఎల్డన్ అటునుంచి హారన్ మోతలా బొయ్‌మనేవాడు. ఇద్దరికీ అదో ఆట. మాట సరిగ్గా రాని మొగుడికి రోజంతా కబుర్లు చెప్పే పక్కమంచం దొరికినందుకు ఆర్డిత్ సంతోషించింది.

వారం తిరగకుండానే యెసేనియా రావడం మానేసింది. ఒకరోజు గుడ్డల బండి తోసుకుంటూ వచ్చి తలుపు దగ్గరే నిలబడి చెప్పింది. "నన్ను వెనక విభాగానికి వేశారమ్మా. ఈ గదిలో మీరున్నారు కదా, ఇక్కడ ఇంకో మనిషి దండగట. పేపర్ మీద మాత్రం ఈ గది నాదే. ఎల్డన్ తాతని కాస్త కనిపెట్టి ఉండండి. ఆయన ఏదీ అడగడు."

"చూస్తాలే," అంది ఆర్డిత్. అన్నట్టే చూసింది కూడా, తనకు తెలిసినంత వరకు. ఆరోజు నుంచి సూప్ ఇంకో గరిటె ఎక్కువ పోసింది.

డెనీస్ మాత్రం అప్పుడప్పుడు వచ్చేది. ఒకరోజు పెన్ను చేతికిచ్చింది. "తిప్పేది మీరే కదా, టిక్కు కూడా మీరే పెట్టేయండి. అమ్మాయిలకి ఒక పని తగ్గుతుంది." అది న్యాయంగానే తోచింది. చేసిన పనికి ఎవత్తో వచ్చి టిక్కు పెడుతుంటే ఇన్నాళ్ళూ ఒళ్ళు మండేది. మొదటి వరసలో ఆర్డిత్ పెట్టిన ప్రతి టిక్కు వెనకా ఆమె నడుము నొప్పి ఉంది.

రెండు రోజుల తర్వాత డెనీస్ మళ్ళీ వచ్చి చార్టు ముందు నిలబడింది. "రెండో మంచం గడులు ఖాళీగా ఉన్నాయేంటి?"

"నన్నడుగుతావేం?"

"అమ్మాయిలు తిప్పే ఉంటారు, మీరు కాఫీకి వెళ్ళినప్పుడు. రాయడం మర్చిపోయి ఉంటారు. మీరే నింపేద్దురూ."

"నేను చూడలేదే."

డెనీస్ పెన్నుతో చార్టు మీద చిన్నగా కొట్టింది. "చూడండి ఆర్డిత్ గారూ, ఖాళీ గడి కనిపిస్తే పైవాళ్ళు ఈ గది సంగతంతా తవ్వుతారు. పొద్దున్నుంచి రాత్రి దాకా మీరిక్కడ ఎలా ఉంటున్నారని కూడా అడుగుతారు. అప్పుడు నా చేతుల్లో ఏముండదు."

ఆమె గట్టిగా అనలేదు. అనాల్సిన పనీ లేదు. నార్మ్ మడమ అప్పుడప్పుడే లేతగులాబీ రంగుకి తిరుగుతోంది. ఆర్డిత్ తెర వైపు చూసింది. అవతల టీవీలో ఎవరో బహుమతి గెలుచుకున్నారు, ఎల్డన్ వాళ్ళతో పాటు చప్పట్లు కొడుతున్నాడు. బాగానే ఉన్నాడు కదా అనుకుంది. బడి వంటింట్లో ఫ్రిజ్ వేడి ఎంతుందో రోజూ పొద్దున చూసి పుస్తకంలో రాయాలి. ఎవరూ రోజూ చూసేవాళ్ళు కాదు. శుక్రవారం సాయంత్రం కూర్చుని ఐదు రోజులదీ ఒకేసారి నింపేవాళ్ళు, అందరికంటే నీట్‌గా ఆర్డిత్ నింపేది. ముప్పయ్యొక్క ఏళ్ళలో ఒక్క పిల్లవాడికి కడుపునొప్పి రాలేదు. ఆమె పెన్ను అందుకుని రెండో వరసలో టిక్కులు పెట్టింది. వరసగా బాగుండాలని ఒకటి ఎడమ, ఒకటి కుడి అని రాసుకుంటూ పోయింది. మర్నాడు ఎవరూ చెప్పకుండానే నింపింది. అలా మొత్తం పద్దెనిమిది రోజులు నింపింది.

నార్మ్ పుండు మూసుకుంది. వారానికోసారి వచ్చే డాక్టరు మడమ నొక్కి చూసి, ఇక్కడ ఇలాంటి మడమ చూడటం ఇదే మొదటిసారని మెచ్చుకున్నాడు. నార్మ్ కడ్డీలు పట్టుకుని పదకొండు అడుగులు వేశాడు. తపాలా ఆఫీసు పాత స్నేహితులు ఇంటి మెట్ల మీద చక్రాల కుర్చీకి ర్యాంపు కడుతున్నారు. ఆ శనివారానికి అయిపోతుంది, శనివారమే ఇంటికి. కేంద్రం మేనేజరు కర్టిస్ బ్లేక్ కెమెరా పట్టుకుని వచ్చాడు. నార్మ్ మడమని ఫోటో తీసి, పాత ఫోటో పక్కన పెట్టి, మా సిబ్బంది అంకితభావం అని హాల్లో తగిలించాడు. దాని ముందు నుంచి నడిచిన ప్రతిసారీ ఆర్డిత్‌కి ఉమ్మెయ్యాలనిపించేది. అయినా మింగుకుంది. ఆరు రోజులే కదా అనుకుంది.

అదివరకే ఎవరో ఉప్పందించారేమో, రాష్ట్ర ఇన్‌స్పెక్టరు వచ్చేనాటికి కేంద్రం కేంద్రంలా లేదు. గంటలో కొత్త దుప్పట్లు దిగాయి. సూప్‌లోంచి ఆవిరి వచ్చింది. ఎన్నడూ మంచం మొహం చూడని ఆఫీసు వాళ్ళు ఏప్రన్లు కట్టుకుని ముసలివాళ్ళ గడ్డాలు తుడిచారు. గదికో గులాబీ. మూత్రం కంపు మీద పూల సెంటు కొట్టారు, రెండూ కలిసి మూడో కంపు తయారైంది. ఇన్నాళ్ళూ చెయ్యలేక కాదు, చెయ్యలేదన్నమాట.

ఇన్‌స్పెక్టరు పేరు టాల్బట్. తెల్లజుట్టు, పొడుగు బూట్లు, చేతిలో కాగితాలు గుచ్చిన అట్ట. వచ్చి నార్మ్ మంచం పక్కన కూర్చుంది. "మీ ఆయన్ని వేళకి తిప్పుతున్నారా అమ్మా?"

గుమ్మంలో డెనీస్ నిలబడి ఉంది. నవ్వుతూ ఉంది.

నేనే తిప్పానని చెబితే ఈ రాత్రికే బయటికి పంపుతారు. మిగిలిన రోజులు నార్మ్ ఎవరి చేతుల్లో ఉంటాడో ఆర్డిత్‌కి తెలుసు. "తిప్పుతున్నారు," అంది. "చార్టు చూడండి."

టాల్బట్ చార్టు చూసి, రాసుకుని వెళ్ళిపోయింది.

మూడోరోజు మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు మళ్ళీ వచ్చింది. షుగరు ఉన్న ప్రతి మనిషి పాదాలూ తన కళ్ళతో చూడాలంది. "లోపలికి రావచ్చా పికార్డ్ గారూ?" అని అడిగి తెర లాగేసింది.

ఆర్డిత్ చూడకుండా ఉండలేకపోయింది. ఎల్డన్‌ని ఆమె నిండుగా చూడటం అదే మొదలు. ఇన్నాళ్ళూ ఒక గొంతు, సూప్ గిన్నె అందుకునే చెయ్యి, అంతే తెలుసు. గడ్డం దాకా కొత్త దుప్పటి కప్పి, దాని మీద గులాబీ పెట్టి ఉంచారు. టాల్బట్ పాదాల దగ్గర దుప్పటి ఎత్తింది. పాదం ఎత్తితే కింది గుడ్డ దానితో పాటు లేచింది, ఎందుకంటే అది మడమకి అతుక్కుపోయి ఉంది. తడిపి, నెమ్మదిగా విడదీశారు. ఎడమ మడమ నల్లగా, కాలిన బంగాళాదుంపలా ఉంది. దాని నడిమధ్య గుంటలో తెల్లగా ఏదో కనిపిస్తోంది. గదిలో పూల సెంటు ఒక్కసారిగా దేనికీ పనికిరాకుండా పోయింది. ఆఫీసు నుంచి వచ్చిన ఏప్రన్ మనిషి నోరు నొక్కుకుని బయటికి పరిగెత్తింది.

"ఏమైంది?" అన్నాడు ఎల్డన్. "అందరూ అలా చూస్తారేం? నాకేం నొప్పి లేదే."

ఆర్డిత్ కుర్చీకీ ఆ మడమకీ మధ్య రెండు మూరల దూరం కూడా లేదు. పద్దెనిమిది రోజులు ఆ కుర్చీలో కూర్చుని, వీళ్ళెంత నీచులో అని రోజూ మనసులో తిట్టుకుంది. తిట్టుకుంటూనే లేచి గడులు నింపింది.

అంబులెన్స్ వాళ్ళు ఎల్డన్‌ని స్ట్రెచర్ మీదికి మార్చారు. కాలు తీసెయ్యాల్సి రావచ్చని అప్పటికే అతనికి చెప్పారు. తోసుకుపోతుంటే ఆర్డిత్ దగ్గర ఆపమన్నాడు. మొహం పాలిపోయింది గాని నవ్వు పోలేదు.

"చెల్లెమ్మా, నన్ను రెండు గంటలకోసారి తిప్పారట. ఇన్‌స్పెక్టరమ్మ చార్టు చదివి వినిపించింది. నిన్న మధ్యాహ్నం రెండింటికి నేను ఎటు తిరిగున్నాను? కిటికీ వైపా, నీ వైపా? నాకు గుర్తు రావట్లేదు."

వెటకారమో నిజంగానే అడుగుతున్నాడో ఆమెకి తెలియలేదు. స్ట్రెచర్ కదిలిపోయింది. నార్మ్ మంచం కడ్డీ మీద రెండు సార్లు కొట్టాడు. వరండాలోంచి హారన్ మోత వచ్చింది, మూల తిరిగేదాకా.

వరండాలో టాల్బట్ చార్టు పట్టుకుని నిలబడి ఉంది. కర్టిస్ బ్లేక్ చెమట తుడుచుకుంటున్నాడు. వెనక విభాగం నుంచి యెసేనియాని పిలిపించారు. తడి చేతితొడుగులతోనే వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది.

"ఈ గది యెసేనియాది," అంటోంది డెనీస్. "పని పంచిన పేపర్ ఇదిగో. మేం నమ్మి వదిలేశాం. తిప్పకుండానే తిప్పినట్టు రాసింది. ఈరోజే తీసేస్తాం. ఆయా లైసెన్సు రద్దు చెయ్యమని మేమే రాస్తాం."

యెసేనియా గుమ్మంలోంచి బయటికి వచ్చిన ఆర్డిత్ వైపు చూసింది. ఆ చూపులో నింద లేదు, కోపం లేదు. చాలా ఏళ్ళుగా ఇలాంటివి చూసి అలవాటు పడ్డ మనిషి చూపు అది.

డెనీస్ కూడా ఆర్డిత్‌ని చూసింది. వెంటనే గొంతులో తేనె కలిపింది. "మీరు లోపలికి వెళ్ళండి ఆర్డిత్ గారూ. నార్మ్ గారు శనివారం దాకా మా దగ్గరే కదా. ఆయన్ని కనిపెట్టుకోండి."

ఇంకో మూడు రోజులు. రోజుకి పన్నెండు సార్లు. ఆర్డిత్ బుర్రలో ఆ లెక్క దానంతటదే జరిగిపోయింది. జరిగినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

"అవి నా టిక్కులు," అంది.

డెనీస్ ముందుకొచ్చింది. "ఆవిడ కంగారులో ఉంది, ఆవిడ మాట—"

"నువ్వు నోరు మూసుకో." ఆర్డిత్ చార్టు మీద వేలు పెట్టింది. "ఈ పిల్ల ఈ గదికి రాక మూడు వారాలైంది. నేనున్నానని దీన్ని వెనక్కి పంపేశారు. పగటి గడులు మొదటి వరసా నాదే, రెండో వరసా నాదే. ఎడమ, కుడి, ఎడమ, కుడి. రాత అంతా ఒకటే, చూసుకోండి. మొన్న మిమ్మల్ని చార్టు చూడమన్నదీ నేనే."

టాల్బట్ కళ్ళజోడు పైకి తోసుకుంది. "రెండో మంచాన్ని మరి ఎవరు తిప్పారమ్మా?"

"ఎవరూ తిప్పలేదు. నేను తెర ఇవతల కూర్చుని, తిప్పినట్టు రాశాను. నింపకపోతే నన్ను ఇక్కడ ఉండనివ్వరని ఈవిడ అంది. అనబట్టి రాశాను. మర్నాటి నుంచి అనకపోయినా రాశాను."

యెసేనియా తొడుగులు విప్పి, రెంటినీ ఒకదానిలో ఒకటి దూర్చి, బుట్టలో పడేసి పనికి వెళ్ళిపోయింది. ఒక్క మాటైనా అంటుందేమోనని ఆర్డిత్ ఆమె వీపు వైపు చూస్తూ నిలబడింది.

పావుగంట తిరక్కుండా కర్టిస్ బ్లేక్ వచ్చి, చూడవచ్చే వేళలు అందరికీ ఒకటేనని, ఏడింటి తర్వాత ఉండటానికి వీల్లేదని మర్యాదగా చెప్పాడు. ఆర్డిత్ సరేనంది. గదిలోకి వెళ్ళి బీరువాలోంచి నార్మ్ చొక్కాలు తీసి సంచీలో సర్దడం మొదలుపెట్టింది. అవతల ఆయాలు అప్పుడే పరుపు ఎత్తేశారు. తెర తీసే ఉంది, కిటికీలోంచి సరస్సు మీది బూడిదరంగు మంచు కనిపిస్తోంది. ఎల్డన్ ఇన్నాళ్ళూ దీన్ని చూస్తూ పడుకున్నాడని ఆమెకి అప్పుడే తెలిసింది.

"రేపే ఇంటికి పోదామయ్యా," అంది వచ్చి మంచం మీద కూర్చుని, నార్మ్ ఎడమచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంటూ. "ర్యాంపు లేకపోతే పోయింది. మీ తపాలా వాళ్ళు నలుగురొచ్చి కుర్చీ ఎత్తుతారు. నీ కాలు దక్కింది, అది చాలు."

నార్మ్ ఖాళీ మంచం వైపు చూశాడు. పెదవులు కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది. "ఎల్... డన్... ని?"

అతనికి వరండాలో మాటలు వినిపించే ఉంటాయి. వినపడ్డా, ఆమె నోటి నుంచి వినాలని అడుగుతున్నాడు. యాభై ఏళ్ళ కాపురంలో అతనితో అబద్ధం ఆడిన పాపాన పోలేదు ఆర్డిత్.

"ఎవరూ తిప్పలేదు నార్మ్. నేనే తిప్పినట్టు రాశాను. రోజూ రాశాను. నీ కాలు కోసం."

అతను ఆమె మొహంలోకి చూశాడు. ఆ తర్వాత, ఒంట్లో మిగిలిన ఆ ఒక్క మంచి చేతిని ఆమె చేతుల్లోంచి లాక్కున్నాడు.